పుదుప్పేటలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డు: మీటరు పెట్టాకే స్పానరు పడతారు

పాత కారుకి కరెంటు జబ్బు చేస్తే చెన్నైలో ఎవరికి చూపించాలని అడిగేవాళ్లకి ఇకమీదట నా జవాబు ఒక్కటే. ఎగ్మోరు దాటి పుదుప్పేటకి వెళ్లండి. కూవం నది వైపు దిగే సందుల్లో ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. పేరూ ఫోన్ నంబరూ ఎక్కడా పెట్టొద్దని మేస్త్రీయే చెప్పారు, ఉన్న బండ్లకే సమయం చాలడం లేదట. అందుకని రాయడం లేదు. సందు మొదట్లో హెడ్‌లైట్లు, బంపర్లు గుట్టలుగా పోసి అమ్మే కొట్లలో ఎవరినైనా "మీటరు మేస్త్రీ" అని అడిగితే చూపిస్తారు. మీటరంటే ఇక్కడ వోల్టులూ ఆంపియర్లూ కొలిచే మల్టీమీటరు. మనిషిది నాయుడుపేట వైపు. తెలుగులో మాట్లాడొచ్చు, తమిళంలోనూ మాట్లాడొచ్చు.

మాది 2003 మోడల్ మారుతీ జెన్, పెట్రోలు బండి. నాన్న కొన్నది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. నేను పెరంబూరులో ఉంటూ స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. అమ్మ నెల్లూరులో ఉంటుంది కాబట్టి తడ, సూళ్లూరుపేట, గూడూరు మీదుగా ఆ హైవే మీద రాత్రిపూట కూడా నడపాల్సి వస్తుంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో అయిదు వేలకి పెరిగింది, అది కూడా కట్టి ఉంచుకున్న బండి. ఇంజను గట్టిగా ఉంది, తుప్పు తక్కువ. ఇలాంటి బండిని కరెంటు పని సరిగ్గా చేసేవాళ్లు దొరక్క తుక్కుకి పంపడం నాకు ఇష్టం లేదు.

జబ్బులు మూడు. ఒకటి, శుక్రవారం సాయంత్రం పెట్టిన బండి సోమవారం ఉదయానికి చచ్చినట్టు పడి ఉండేది. రెండు, బ్యాటరీ నిండుగా ఉన్న రోజు కూడా ఒక్కోసారి తాళం తిప్పితే టక్కుమని శబ్దం వచ్చి ఆగిపోయేది, సెల్ఫ్ తిరిగేది కాదు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. మూడోది విచిత్రం. హెడ్‌లైటు వేయగానే టెంపరేచర్ ముల్లు పైకి లేచేది, పెట్రోలు ముల్లు కూడా కొంచెం లేచేది. లైటు ఆపగానే రెండూ దిగేవి. ఇవి కాక హెడ్‌లైట్లు మొదటి నుంచీ మందమే. దాన్ని ఆ బండి స్వభావం అనుకుని ఊరుకున్నాం.

పుదుప్పేటకి వెళ్లకముందు ఇంకో రెండు చోట్ల చూపించాను. పేర్లు అక్కర్లేదు. ఒక చోట బ్యాటరీ పోయిందని కొత్తది వేశారు. కొన్నాళ్లకి మళ్లీ అదే సోమవారం, అదే అవస్థ. రెండో చోట టెంపరేచర్ ముల్లు సంగతి చెబితే థర్మోస్టాట్, దాంతోపాటు సెన్సరు మార్చారు. ముల్లు మాత్రం లైటు వేసినప్పుడల్లా లేస్తూనే ఉంది. తర్వాత ఆల్టర్నేటర్ (ఇంజను తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసేది, మేస్త్రీల భాషలో డైనమో) మార్చాలన్నారు. "ఎందుకు? చార్జింగ్ ఎంత వస్తోంది?" అని అడిగితే, "మార్చి చూద్దాం మేడం, ఇరవై ఏళ్ల బండి కదా" అన్నారు. బండి వయసు కారణం ఎలా అవుతుంది? పన్నెండు వోల్టుల సర్క్యూటు కొత్త బండిలోనైనా పాత బండిలోనైనా ఒకే సూత్రం మీద నడుస్తుంది. ఆ రెండు చోట్లా ఒక్కరు కూడా మీటరు బయటికి తీయలేదు. తొమ్మిది వేలకి పైగా ఖర్చయింది, ఒక్క జబ్బూ తగ్గలేదు.

పుదుప్పేట మేస్త్రీ మొదట బానెట్ కూడా ఎత్తలేదు. స్టూలు లాక్కుని కూర్చుని ప్రశ్నలు అడిగారు. టక్కుమన్నప్పుడు లోపలి దీపం మందగిస్తోందా, అలాగే ఉంటోందా? హారన్ కొడితే ముల్లు కదులుతోందా? బండి నీళ్లలో నిలబడిందా? ఈ చివరి ప్రశ్నకి నా దగ్గర గట్టి జవాబుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు చెన్నైని ముంచింది కదా, అప్పుడు మా వీధిలో నీళ్లు నిలిచి డోరు కింది అంచు దాటి లోపలికి వచ్చాయి. కార్పెట్ తీసి ఎండబెట్టాం, ఇంజనుకి ఏమీ కాలేదు, అంతటితో అయిపోయిందనుకున్నాం. ఆయన తల పంకించి, "నీళ్లు వారంలో ఆరిపోతాయమ్మా. చిలుము మాత్రం ఏడాదికో రెండేళ్లకో బయటపడతాది" అన్నారు.

ఆ తర్వాతే మీటరు తీశారు. ఇక్కణ్ణించి నేను కాస్త విడమరిచి రాస్తాను, ఎందుకంటే ఈ షెడ్డుకి నేను మార్కులు వేసేది ఈ పనికే.

ముందు బ్యాటరీ రెండు పోస్టుల (ప్లస్, మైనస్ టెర్మినళ్ల) మీద చూశారు, 12.6 వోల్టులు. నిండుగా ఉంది. నన్ను సెల్ఫ్ కొట్టమన్నారు. తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 10.7. అదీ బాగానే ఉంది, 9.6 కంటే దిగితేనే బ్యాటరీని అనుమానించాలి. అంటే బ్యాటరీ నిర్దోషి. తర్వాత మీటరు ప్రోబుల్లో (కొలిచే సూదుల్లో) ఒకటి బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండోది ఇంజను మీద గీకి తెల్లగా చేసిన చోట పెట్టారు. తీగ మీద కాదు, లగ్గు (కేబుల్ కొసన ఉండే లోహపు బిళ్ల) మీద కూడా కాదు, నేరుగా ఇంజను లోహం మీద. మళ్లీ సెల్ఫ్ కొట్టమన్నారు. మీటరు 1.9 చూపించింది.

ప్రోబులు పెట్టిన ఆ రెండు చోట్లా ఉన్నది ఒకే మైనస్. మధ్యలో ఉన్నది ఒక కేబుల్, రెండు బోల్టులు. అక్కడ ఉండాల్సింది 0.2 వోల్టు, మహా అయితే 0.3. దాదాపు రెండు వోల్టులు దారిలోనే వేడిగా పోతుంటే సెల్ఫ్ మోటారుకి మిగిలేది ఎంత? సెల్ఫ్ తిరిగేటప్పుడు ఇంత చిన్న కారులో కూడా వంద ఆంపియర్లకి పైగా పారుతుంది. 1.9 వోల్టుని 120 ఆంపియర్లతో భాగిస్తే 0.016 ఓము. అంటే 16 మిల్లీ ఓములు. మామూలు మీటరు ఓము రేంజిలో పెడితే ఇంత చిన్న నిరోధం కనబడదు, మీటరు ప్రోబుల తీగలకే అంతకంటే ఎన్నో రెట్లు ఉంటుంది. మీటరుని కంటిన్యుటీలో (తీగ తెగలేదని బీప్‌తో చెప్పే రేంజిలో) పెట్టి బీప్ వినబడింది కాబట్టి ఎర్త్ (ఇంజనునీ బాడీనీ బ్యాటరీ మైనస్‌కి కలిపే దారి) బాగుందని చెప్పేవాళ్లని నేను చూశాను. వంద పోగుల్లో తొంభై తెగిపోయిన కేబుల్ కూడా బీప్ అంటుంది. లోడు మీద ఉన్నప్పుడు కొలిస్తేనే నిజం బయటపడుతుంది. నేను తొమ్మిదో తరగతికి ఓము నియమం చెప్పేటప్పుడు బల్బూ రియోస్టాటూ పెట్టి చూపిస్తాను. ఇప్పుడు ఈ లెక్క కూడా బోర్డు మీద వేస్తున్నాను.

కేబుల్ విప్పి నా చేతికిచ్చారు. పైన నల్ల తొడుగు నిగనిగలాడుతోంది, ఎక్కడా పగుల్లేదు. గేర్‌బాక్సు వైపు లగ్గు దగ్గర తొడుగుని బ్లేడుతో రెండంగుళాలు కోసి చూపించారు. లోపల రాగి కాదు, ఆకుపచ్చ పొడి. వేలితో నలిపితే రాలిపోయింది. సముద్రపు గాలి ఉన్న ఊరు, దానికి తోడు తుపాను నీళ్లు. తొడుగు లోపలికి తడి కేశికల్లో ఎక్కినట్టు ఎక్కి రాగిని తినేసింది. బయటినుంచి ఎంత చూసినా తెలిసేది కాదు.

కొత్త కేబుల్ కొనలేదు, అక్కడే చేశారు. వెల్డింగు మిషన్లకి వాడే లావు రాగి కేబుల్ కొలిచి కోసి, రెండు కొసలకీ రాగి లగ్గులు పెట్టి హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కారు. సుత్తితో కొట్టి చప్పిడి చేయడం నేను వేరే చోట చూశాను, ఇక్కడ అలా చేయలేదు. లోపల జిగురు ఉండే హీట్ స్లీవు తొడిగి వేడి చేశారు, జిగురు అంచుల్లోంచి బయటికి వచ్చేదాకా. బాడీ మీద బోల్టు కూర్చునే చోట రంగు గీకి తెల్లటి లోహం తేల్చి, పళ్ల వాషరు వేసి బిగించి, బిగించాకే పైన వాసెలిన్ పూశారు. ముందు పూసి బిగించలేదు. మళ్లీ అదే కొలత పెట్టారు, 0.1. సెల్ఫ్ గొంతే మారిపోయింది.

ముల్లుల సంగతి దీనికి అన్నదమ్ములాంటిదే. హెడ్‌లైటు వేసి, బ్యాటరీ మైనస్‌కీ డాష్‌బోర్డు కింది ఎర్త్ బోల్టుకీ మధ్య కొలిస్తే 0.9 వోల్టు. ఆ బోల్టు పక్కసీటు కాళ్ల దగ్గర ప్లాస్టిక్ ప్యానెల్ వెనక ఉంది, సరిగ్గా నీళ్లు నిలిచిన ఎత్తులో. మీటరు బోర్డుకీ లైట్లకీ అదే ఎర్త్. లైటు వేయగానే ఆ కరెంటంతా చిలుము పట్టిన బోల్టులోంచి పోవాలి కాబట్టి మీటరు బోర్డుకి సున్నా అనుకున్నది సున్నా కాకుండా పోయి, ముల్లులు తప్పు చూపిస్తున్నాయి. ఈ మాట నోటితో చెప్పి ఊరుకోలేదాయన. ఒక పొడుగు తీగ తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కీ రెండో కొస ఆ బోల్టుకీ తగిలించారు. లైటు వెలుగుతుండగానే ముల్లు తన చోటికి దిగింది. తీగ తీశారు, లేచింది. మళ్లీ పెట్టారు, దిగింది. థర్మోస్టాటూ సెన్సరూ మార్చిన చోట ఈ తీగ ముక్క పెట్టి చూసి ఉంటే నా డబ్బు మిగిలేది. బోల్టు విప్పి, దాని కింద నాలుగు లగ్గులూ శుభ్రం చేసి, ఒకటి మరీ తినేసి ఉంటే కొత్తది వేసి బిగించారు.

బ్యాటరీ దిగిపోవడం అన్నింటికంటే మొండిది. రాత్రంతా బండిలో కరెంటు ఎవరు తాగుతున్నారో పట్టుకోవాలి. తాళం తీసి, డోరు స్విచ్‌ని రబ్బరు ముక్కతో నొక్కి పెట్టి (లేకపోతే లోపలి దీపం వెలిగి లెక్క తప్పుతుంది), బ్యాటరీ మైనస్ విప్పి, పోస్టుకీ కేబుల్‌కీ మధ్య మీటరుని ఆంపియరు రేంజిలో పెట్టారు. ఇలా పెట్టి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది. తాళం నా దగ్గరే ఉంటే ముందు అడిగి తీసుకుని తన జేబులో వేసుకున్నారు. మీటరు 0.41 చూపించింది. గడియారానికీ స్టీరియో మెమొరీకీ కలిపి 0.02, 0.03 ఉండొచ్చు, 0.05 దాకా ఊరుకోవచ్చు. 0.41 అంటే రోజుకి దాదాపు పది ఆంపియర్ అవర్లు. మా బ్యాటరీ మొత్తం 35 ఆంపియర్ అవర్లది. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయానికి 24 పైచిలుకు పోతుంది. కొత్త బ్యాటరీ కూడా ఎందుకు నిలబడలేదో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకారు. అన్నీ అయిపోయాయి, 0.41 కదల్లేదు. నేనైతే ఇక్కడ ఆల్టర్నేటర్‌నే అనుమానించేదాన్ని, దాని లోపలి డయోడు (ఏసీని డీసీగా మార్చే భాగం) లీకైతే ఇలాగే జరుగుతుంది, రెండో గ్యారేజీ వాళ్లు చెప్పిందీ అదే. మేస్త్రీ ఆల్టర్నేటర్ వెనక లావు తీగ విప్పి టేపు చుట్టి పక్కన పెట్టారు. మళ్లీ 0.41. తీగ తిరిగి బిగించి, ఇంజను నడిపి, హెడ్‌లైటూ బ్లోయరూ వేసి కొలిచారు, 14.1. అదే పోస్టుల మీద మీటరుని ఏసీ వోల్టులకి తిప్పి చూశారు, 0.03. డయోడు పోయి ఉంటే అక్కడ అర వోల్టు పైన కనబడుతుంది. "డైనమో రాయిలాగ ఉండాది. దాన్ని ముట్టుకోబాకండి" అన్నారు. పుదుప్పేటలో కూర్చుని, పాత ఆల్టర్నేటర్లు నాలుగడుగుల దూరంలో వేలాడుతుంటే, మార్చాల్సిన అవసరం లేదని చెప్పే మనిషి నాకు చాలా పెద్దవాడిగా కనిపించారు.

ఫ్యూజు బాక్సూ కాక, ఆల్టర్నేటరూ కాక, మిగిలింది బ్యాటరీకి నేరుగా తగిలించిన తీగ ఏదైనా. ప్లస్ పోస్టు దగ్గర గుత్తిలో ఒక సన్నటి ఎర్ర తీగ ఉంది. అది ఫైర్‌వాల్‌లో (ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య రేకులో) అంచుకి రబ్బరు గ్రొమ్మెట్ లేని కన్నంలోంచి లోపలికి దూరి, కార్పెట్ కింద నడిచి, డ్రైవరు సీటు కింద ఒక యాంప్లిఫయర్‌కి చేరింది. నాన్న ఎప్పుడో సామాన్లు బిగించే ఒక కొట్లో పెట్టించిన సౌండ్ సిస్టమ్ తాలూకు ముక్క అది. స్టీరియో తర్వాత మార్చేశాం, యాంప్లిఫయర్ అక్కడ ఉందని కూడా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. స్టీరియో ఆన్ అయినప్పుడే యాంప్లిఫయర్‌ని లేపాల్సిన నీలం తీగని ఆ కొట్టువాళ్లు తెచ్చి అదే ఎర్ర తీగకి మెలిపెట్టారు. అందుకని అది ఇన్నేళ్లూ పగలూ రాత్రీ ఆన్‌లోనే ఉంది. తీసేశాక మీటరు 0.02.

కరెంటు దుబారా కంటే నన్ను వణికించింది వేరే సంగతి. ఆ తీగకి ఎక్కడా ఫ్యూజు లేదు. రేకు కన్నం అంచు దాని తొడుగుని సగం కోసేసింది. మిగతా సగం కూడా తెగితే బ్యాటరీ మొత్తం ఆ సన్నటి తీగలోంచి బాడీకి పారి, కార్పెట్ కింద అంటుకునేది. బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా ఏ తీగ లాగినా బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. సామాన్లు అమ్మే కొట్లు దీన్ని దాటేస్తాయి, కొనేవాళ్లకి తెలియదు. మీ బండిలో ఎవరైనా స్టీరియో, అలారం, ఫాగ్‌ల్యాంపు బిగించి ఉంటే ఇవాళే బానెట్ ఎత్తి ప్లస్ పోస్టు దగ్గర ఎన్ని తీగలున్నాయో చూడండి.

ఫ్యూజు బాక్సులో కూడా ఒకటి దొరికింది. మూత మీద 15 అని ఉన్న చోట ఆకుపచ్చ ఫ్యూజు. ఆకుపచ్చ అంటే 30. అక్కడ ఉండాల్సింది నీలం. ఎవరో ఎప్పుడో 15 మాటిమాటికీ పోతోందని పెద్దది గుచ్చి పంపించారు. ఫ్యూజు కాపాడేది తీగని. 15 ఆంపియర్లకి సరిపోయే తీగ మీద 30 పెడితే ఫ్యూజు చల్లగానే ఉంటుంది, తీగ కాలుతుంది. మేస్త్రీ దాన్ని పీకి నీలం పెట్టి, ఆ లైను మీదున్న కప్లర్లు (తీగల్ని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులు) విప్పి చూశారు. ఒకదాంట్లో పిన్ను వదులై ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది. పిన్ను మార్చారు. అప్పట్నుంచి నీలం ఫ్యూజు పోలేదు.

హెడ్‌లైట్ల పని నేను అడిగి చేయించుకున్నాను. బల్బు హోల్డరు దగ్గర కొలిస్తే 11.6 వోల్టులు, అప్పుడు బ్యాటరీ దగ్గర 13.9. స్టీరింగ్ పక్కన స్విచ్‌లోంచి రెండు బల్బుల కరెంటూ, అంటే తొమ్మిది ఆంపియర్ల పైన, తిరిగి ముందుకి పోవాలి. దారి పొడుగు, తీగ సన్నం, స్విచ్ అరిగింది. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీ తగ్గినంతే తగ్గదు, అంతకు మించి పడిపోతుంది. పది శాతం వోల్టేజీ తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పోతుంది. మా లెక్కన సగం వెలుగుతో నేను ఇన్నాళ్లూ గూడూరు దారిలో లారీల మధ్య నడిపాను. రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లు) పెట్టి, బ్యాటరీ నుంచి లావు తీగలు, ఒక్కోదానికీ 15 ఆంపియర్ల ఫ్యూజు ఇచ్చి వైరింగ్ చేశారు. స్విచ్ ఇప్పుడు రిలేని మాత్రమే లేపుతుంది, దానికి పావు ఆంపియరు కూడా అక్కర్లేదు. బల్బుల దగ్గర 13.5 వచ్చింది. బల్బులు పాతవే, అవే 60/55 వాట్లవి. మొదటిసారి రాత్రి నాయుడుపేట దాటుతున్నప్పుడు రోడ్డు పక్క తెల్లగీత అంత దూరం కనబడటం నాకు కొత్త.

నేను ఉండగానే ఒకాయన పాత ఎస్టీమ్‌లో వచ్చి 100/90 వాట్ల బల్బులు వేయమన్నారు. మేస్త్రీ వేయనన్నారు. అవి చట్టానికి విరుద్ధం, ఎదుటివాళ్ల కళ్లు కొడతాయి, హోల్డర్లు కరుగుతాయి, ఉన్న బల్బుకి పూర్తి వోల్టేజీ అందిస్తే చాలని ఓపిగ్గా తమిళంలో చెప్పారు. ఆయన ఒప్పుకోక వెళ్లిపోయారు. వచ్చే డబ్బుని అలా వదులుకోవడం ఆ సందులో తేలికేం కాదు.

ధరలు. కొలిచి జబ్బు చెప్పినందుకు 600, పని చేయించుకున్నా చేయించుకోకపోయినా ఇది ఇవ్వాల్సిందే. కొంతమంది దీనికి గొణుగుతారు. నా లెక్కలో ఆ షెడ్డులో అన్నిటికంటే విలువైన సరుకు ఆ 600. ఎర్త్ కేబుల్ సామానుతో సహా 850, బోల్టులు, లగ్గులు, కప్లరు, యాంప్లిఫయర్ పీకడం అన్నీ కలిపి 700, హెడ్‌లైట్ రిలే వైరింగ్ 2,200. ముందే చెప్పిన అంకె, తర్వాత పెరగలేదు. తీసిన ప్రతి ముక్కా నాకు చూపించి, కావాలంటే తీసుకెళ్లమన్నారు. ఆకుపచ్చ పొడి నిండిన ఆ కేబుల్ ఇప్పుడు మా స్కూలు ల్యాబులో ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. రసీదు ఇవ్వరు. నేను పట్టుబడితే కొలతలన్నీ ఒక కాగితం మీద రాసిచ్చారు, మీరూ అడగండి, పని మొదలెట్టకముందు ఎంత, తర్వాత ఎంత అని. కూర్చోవడానికి చోటు లేదు. మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద ఉండటం కష్టం, ఆడవాళ్లకి బాత్రూం లేదు. సందులో బండి తిప్పడానికి రెండో మనిషి సాయం కావాలి. ఇచ్చిన సమయానికి బండి రాదు, సాయంత్రం అంటే మర్నాడు అనుకోవాలి. మేస్త్రీ చేతి పనికీ కుర్రాళ్ల చేతి పనికీ తేడా ఉంది. ఎడమ హెడ్‌లైటు వెనక ఒక జాయింటుకి స్లీవు వేయకుండా ఉత్త టేపు చుట్టి వదిలారు. చెన్నై ఎండకి ఆ జిగురు కారిపోయి ఆరునెలల్లో టేపు ఊడుతుంది. నేను చూపిస్తే మేస్త్రీ ఆ అబ్బాయిని పిలిచి, నా ముందు తిట్టకుండా, పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చేయించారు. అయినా బండి తీసుకునేముందు మీరే టార్చి వేసి ప్రతి జాయింటూ చూసుకోండి.

ఈ షెడ్డు అందరికీ కాదు. ఎయిర్‌బ్యాగులున్న స్టీరింగుని ఆయన ముట్టుకోరు. స్కానర్ లేదు, ఈసీయూ (ఇంజను కంప్యూటరు) ప్రోగ్రామింగ్, తాళాల కోడింగ్ ఇక్కడ జరగవు. పదేళ్లలోపు బండ్లకి కంపెనీ సర్వీసు సెంటరే మేలని ఆయనే చెబుతారు. పాత 800, జెన్, ఎస్టీమ్, అంబాసిడర్, పద్మిని, మొదటి తరం శాంత్రో లాంటి బండ్లు ఉన్నవాళ్లు నిశ్చింతగా వెళ్లొచ్చు. సామాను గురించి ఈ ఊళ్లో బెంగ అక్కర్లేదు. కొత్త స్పేర్లకి జీపీ (జనరల్ ప్యాటర్స్) రోడ్డు దగ్గరే ఉంది, సెల్ఫ్ మోటార్లూ ఆల్టర్నేటర్లూ చేసే లూకస్ టీవీఎస్ 1961లో మొదలైందీ ఈ ఊళ్లోనే, బ్రష్షులు మార్చి ఆర్మేచర్ చుట్టేవాళ్లు పుదుప్పేటలోనే దొరుకుతారు. దొరకనిది కొలిచి చెప్పే మనిషి. అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

సొంతంగా ఒక మీటరు ఉంచుకోవాలనుకుంటే ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్‌లో కొనండి. క్లాంప్ మీటరు (తీగ విప్పకుండా చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) అడిగేటప్పుడు డీసీ కరెంటు కొలిచేదా అని నొక్కి అడగండి, తక్కువ ధరవి చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, కారుకి పనికిరావు.

వెళ్లేముందు బ్యాటరీ నిండా చార్జ్ చేసుకోండి. దిగిపోయిన బ్యాటరీ మీద ఏ కొలతా నమ్మడానికి ఉండదని ఆయన బండిని వెనక్కి పంపిస్తారు. ఏ స్విచ్ వేస్తే ఏం జరుగుతోందో, వానలోనా ఎండలోనా, వేడి ఇంజనుతోనా చల్లటి ఇంజనుతోనా, ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ముందురోజు ఇంజను నీళ్లతో కడిగించొద్దు, చిలుము కనబడకుండా పోతుంది. ఆదివారం సెలవు. మిగతా రోజుల్లో ఉదయం పదింటికల్లా సందులో ఉంటే ఆ రోజే మీ బండికి మీటరు పడుతుంది, మధ్యాహ్నం వెళితే మర్నాటికి రమ్మంటారు.